రొయ్యల గుంటల మీద ఆరేళ్ళు వాడిన తుపాకీ ఒర

నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలో, ఇసకపల్లి వైపు, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట మాకు నాలుగు రొయ్యల గుంటలున్నాయి. సైన్యంలో పదిహేడేళ్ళు చేసి వచ్చి వీటి మీద పడ్డాను. రాత్రి కాపలా, రొయ్యలు పట్టి అమ్మే రోజుల్లో డబ్బుతో ప్రయాణం, ఈ రెండింటి కోసం లైసెన్సు తీసుకున్నాను. నా దగ్గర ఉన్నది కాన్పూరులో తయారైన .32 రివాల్వర్. ఆరు తూటాలు పడుతుంది, సుమారు 700 గ్రాములు తూగుతుంది. ఇంతవరకు దాన్ని ఎవరి మీదా ఎత్తవలసిన అవసరం రాలేదు, రాకూడదనే కోరుకుంటాను. అయితే రోజుకు ఎనిమిది గంటలు అది నడుముకు వేలాడుతూనే ఉంటుంది. అందుకే తుపాకీ గురించి కాక, దాన్ని మోసే ఒర గురించి రాస్తున్నాను.

మొదటిది నైలాను గుడ్డ ఒర. ప్యాంటు అంచుకు క్లిప్పుతో తగిలించుకునే రకం. చవకగా దొరికిందని కొన్నాను, నెల తిరిగేసరికి తప్పు తెలిసింది. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేను పైకి లాగడానికి గట్టు అంచున వంగిన ప్రతిసారీ రివాల్వర్ పిడి పక్కటెముకల్లో పొడిచేది. చెమటకు గుడ్డ నాని, నోరు మూసుకుపోయేది. ఒక చేత్తో రివాల్వర్ తిరిగి లోపల పెట్టడం కుదిరేది కాదు. అన్నిటికంటే పెద్ద దోషం, గుడ్డ మెత్తన కావడంతో బయటి నుంచి వేలు నొక్కితే ట్రిగ్గర్ తగిలేది. ట్రిగ్గర్‌ను గట్టిగా, పూర్తిగా కప్పని ఒర ఎంత సుఖంగా ఉన్నా దాన్ని కొనకండి.

ఆ రోజుల్లోనే జరిగిన ఒక సంగతి చెప్పాలి. మే నెల మధ్యాహ్నం, నడుము ఒరుసుకుపోయి మండుతుంటే బెల్టుతో సహా విప్పి మోటారు గదిలో మేకుకు తగిలించాను. పది అడుగుల దూరంలో చేతులు కడుక్కుని తిరిగి చూసేసరికి, మేత వేసే కుర్రాడి కూతురు, నాలుగేళ్ళ పిల్ల, మునివేళ్ళ మీద నిలబడి బెల్టు కొసను పట్టుకుని లాగుతోంది. మేకు కదులుతోంది. నేను అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడి ఇంకా గట్టిగా లాగుతుందని భయం. మెల్లగా వెళ్ళి ఆ చేతిని విడిపించాను. ఆ తర్వాత చాలాసేపు నా చేతులు వణికాయి. తప్పు నాదే. కానీ ఆ బెల్టు నేను ఎందుకు విప్పానన్నది కూడా ఆలోచించాను. ఒర ఒంటికి సరిపడకపోతే మనిషి దాన్ని ఎప్పుడో ఒకప్పుడు విప్పి ఎక్కడో ఒకచోట పెడతాడు. రోజంతా ఒంటి మీద భరించగలిగేలా ఉండడం ఒరకు విలాసం కాదు, భద్రతలో మొదటి భాగం.

రెండోది గట్టి ప్లాస్టిక్ ఒర. ఇది ట్రిగ్గర్‌ను చక్కగా కప్పింది, వానకు చెడలేదు, కడిగితే శుభ్రమయ్యేది. బురద పని లేనివారికి మంచిదే అంటాను. నాకు మాత్రం ఎండాకాలంలో చొక్కా తడిసి దాని అంచు తొడ మీద కోసుకుపోయేది. బండి మీద కూర్చుంటే పిడి పైకి లేచేది. పైగా ఇసుక రేణువులు లోపల చిక్కుకుని, తీసి పెట్టిన ప్రతిసారీ గొట్టం మీది నల్లరంగును గీకాయి. ఏడాదికి అక్కడ తెల్లటి చారలు పడ్డాయి.

ఇప్పుడు వాడుతున్నది మూడోది. నెల్లూరు చిన్నబజారులో చెప్పులు కుట్టే ఒక పెద్దాయన చేత చేయించుకున్నాను. లైసెన్సు లేనివారి దగ్గర తుపాకీ వదలకూడదు కనుక, కాగితం మీద దాని రూపు గీసి, కొలతలు రాసి, మా ఊరి వడ్రంగి చేత వేప చెక్కతో నమూనా చెక్కించి తీసుకెళ్ళాను. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “రసాయనాల తోలు మెత్తగా ఉంటుంది బాబూ, రూపం పట్టదు. బెరడుతో పదును చేసిన గేదె తోలు తెస్తాను, తడిపి నొక్కితే అలాగే బిగుసుకుంటుంది” అన్నాడు. అలాగే చేశాడు. తడి తోలును చెక్క చుట్టూ చుట్టి, ఎముక పిడితో ట్రిగ్గర్ దగ్గర, తూటాలుండే సిలిండర్ ఉబ్బు దగ్గర రుద్ది, రెండు రోజులు నీడన ఆరబెట్టాడు. అడుగున కందిగింజంత రంధ్రం పెట్టమన్నాను, లోపలికి దిగిన నీళ్ళు నిలవకుండా. బెల్టు దూరే చీలికలు రెండూ ఒరకు చెరో పక్కన, ఎడంగా ఉన్నాయి. దానివల్ల బరువు ఒకే చోట వేలాడదు, పిడి ఒంటికి దగ్గరగా వాలుతుంది.

పెట్టుకునే చోటు కూడా మార్చాను. కుడి తుంటి వెనక నుంచి ఎడమ తుంటికి కాస్త ముందుకు, పిడి కుడి చేతికి అందేలా. బండి మీద, మంచం మీద, పడవలో ఎక్కడ కూర్చున్నా ఇబ్బంది లేదు. అయితే దీనికో ప్రమాదముంది. ఎదుట నిలబడినవాడి చేతికి కూడా పిడి అందుతుంది. తీసేటప్పుడు గొట్టం పక్కవారి మీదుగా తిరుగుతుంది. అందుకని పిడి మీద బొటనవేలితో విప్పే పట్టీ లేకుండా ఇలా పెట్టుకోవద్దు. పైన వదులు చొక్కా వేసుకుంటాను. 2016 ఆయుధ నియమావళి ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీని ఒరలో గాని అలాంటి సంచిలో గాని, పూర్తిగా కప్పి, మన అదుపులోనే ఉంచుకుని తీసుకుపోవాలి.

నా దగ్గరికి వచ్చి అడిగేవారందరికీ, ఒర కంటే ముందు బెల్టు మీద డబ్బు పెట్టమని చెబుతాను. మామూలు ప్యాంటు బెల్టు ఈ బరువుకు మెలిక పడి, ఒర బయటికి వాలిపోతుంది. రెండు పొరల తోలుతో, చీలికకు సరిగ్గా పట్టే వెడల్పుతో బెల్టు కుట్టించుకున్నాక సగం నడుము నొప్పి తగ్గింది.

తోలుకు ఉన్న లోపం తేమ. చెమటను, ఉప్పుగాలిని పీల్చుకుని ఇనుముకు అంటిస్తుంది. మొదటి కార్తీక వానల్లో రాత్రంతా రివాల్వర్‌ను ఒరలోనే వదిలేశాను. వారానికే సిలిండర్ అంచున ఆవగింజల్లా తుప్పు చుక్కలు లేచాయి. అప్పటినుంచి ఇంటికి రాగానే తీసి, తూటాలు వేరు చేసి, నూనె గుడ్డతో తుడిచి ఇనప్పెట్టెలో పెడతాను. ఒర విడిగా గాలికి ఆరుతుంది. ఒరకు నూనె రాయకండి, మెత్తబడి పట్టు పోతుంది. నెలకోసారి తేనెమైనం రుద్దితే చాలు. 2024 ఎన్నికలప్పుడు రివాల్వర్‌ను పోలీసు స్టేషన్‌లో అప్పగించి, ఒరను ఖాళీగా గోడకు తగిలించాను. తిరిగి తెచ్చేసరికి బూజు పట్టి, నోరు ముడుచుకుపోయింది. ఆ వేప చెక్క నమూనా అప్పుడు మళ్ళీ పనికొచ్చింది. తోలును కొద్దిగా తడిపి, చెక్కను దూర్చి రెండు రోజులు ఉంచితే పాత రూపానికి వచ్చింది.

పట్టీ మీది ఇనుప గుండీ రెండుసార్లు తుప్పు పట్టి ఊడింది. మూడోసారి ఇత్తడిది వేయించాను, అది నిలిచింది. ఒక చీలిక దగ్గర దారం ఇప్పుడు పీచు లేస్తోంది. వానలు మొదలయ్యేలోగా చిన్నబజారుకు వెళ్ళి అక్కడ మళ్ళీ కుట్టించాలి.