మెదడుకు జన్యు చికిత్సా, రోజూ నడకా?

అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు) వచ్చినవాళ్ల మెదడులో కణాలను నిలబెట్టే బీడీఎన్‌ఎఫ్ ప్రోటీన్ తగ్గుతుంది. ఇలాంటి ప్రోటీన్లను లోపలికి పంపాలా, శరీరం చేతే తయారు చేయించాలా?

జన్యు చికిత్స: ఈ ప్రోటీన్లు రక్తం నుంచి మెదడులోకి సరిగా దాటలేవు. అందుకే పుర్రెకు రంధ్రం వేసి, ఎన్‌జీఎఫ్ అనే మరో ప్రోటీన్ జన్యువును, దాన్ని మోసుకెళ్లేలా మార్చిన వైరస్ ద్వారా లోతుగా దించారు. 49 మందిపై ప్రయోగం, 2018లో ఫలితం: పెద్ద ప్రమాదమేమీ లేదు, కానీ జ్ఞాపకశక్తి మెరుగవలేదు. చనిపోయినవాళ్ల మెదళ్లను తర్వాత పరిశీలిస్తే, చేరాల్సిన కణాలకు మందు చేరనే లేదు! అంత ఆపరేషన్‌కు ఒప్పుకున్నవాళ్లను తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

నడక: ఖర్చు చెప్పుల జత. 2011 నాటి అమెరికా అధ్యయనంలో ఏడాదిపాటు వారానికి మూడు రోజులు, 40 నిమిషాలు నడిచిన పెద్దవాళ్లకు హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం) సుమారు 2 శాతం పెరిగింది. రక్తంలో బీడీఎన్‌ఎఫ్ పెరిగినవాళ్లలో ఆ మార్పు ఎక్కువ. అయితే వాళ్లకు మతిమరుపు జబ్బు లేదు.

రిస్క్: అక్కడ ఆపరేషన్, ఇక్కడ తూలి పడటం.

జబ్బు రానివాళ్లు, మొదటి దశలో ఉన్నవాళ్లు నడకే పట్టుకోవాలి, పక్కన ఒకరు తోడుంటే మేలు. జన్యు చికిత్స ఇంకా ప్రయోగమే. న్యూరాలజిస్ట్ సలహాతో, అనుమతి ఉన్న ట్రయల్‌లో చేరేవాళ్లకే.