జార్జి టౌన్ చెత్త: వీధి మొదట తొట్టా, గడప ముందు బండా?

చెన్నైలో 1911లో జార్జి టౌన్‌గా పేరు మారిన పాతపేటలో, కొత్తవాల్ చావడి కన్యకా పరమేశ్వరి గుడి చుట్టుపక్కల సందుల్లో చెత్త ఎత్తడానికి రెండు పద్ధతులను పోల్చవచ్చు.

వీధి మొదట పెద్ద తొట్టి పెడితే, అంగడి కట్టేశాక ఏ వేళనైనా చెత్త వేయవచ్చు. ఆ సౌకర్యం చిన్నది కాదు. అయితే తడీ పొడీ కలిసి కుళ్లిన ఊట పక్కనున్న సున్నపు గోడ అడుగుకు ఇంకి, ఉప్పు పూసి, గార పెచ్చులుగా రాలుతుంది. తొట్టి ఎత్తే లారీ మలుపు తిరగలేక అరుగుల అంచులు ఒరుసుకుంటుంది.

బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండి గడప దాకా వస్తుంది కనుక, 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు కోరినట్లు తడి, పొడి, ప్రమాదకర చెత్తను అక్కడే వేరుగా తీసుకోవచ్చు. చిక్కల్లా వేళదే: బండి పొద్దున్నే వస్తుంది, టోకు అంగళ్ల అట్టపెట్టెలు మాత్రం రాత్రికి గాని బయటపడవు. నేనైతే బండికే మొగ్గుతాను, రాత్రి తొమ్మిదికి మరో విడత తిప్పే షరతు మీద.