సొంత సర్వరా, అద్దె జీపీయూనా, పరమ్ క్యూనా: మన కాలేజీలకి ఏది మేలు?

ఈ నెలలో ఇది నాలుగో ఫోను. ఈసారి నరసరావుపేట వైపు నుంచి ఒకాయన. "మాస్టారూ, మేనేజ్‌మెంట్ 30 లక్షలు ఇస్తానంటోంది, రీసెర్చ్‌కి సర్వర్ కొనమంటారా, క్లౌడ్‌లో అద్దెకి తీసుకోమంటారా, లేకపోతే సీడాక్ వాళ్ళ పరమ్ మీద అకౌంట్ అడగమంటారా?" అని. (సీడాక్ అంటే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ, పరమ్ వాళ్ళ సూపర్‌కంప్యూటర్ల పేరు, క్యూ అంటే అక్కడ మన పని వంతు కోసం ఆగే వరస.) ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నా. జీపీయూ (లెక్కలు వేగంగా చేసే కార్డు) ఎందుకు, క్లస్టర్ (కలిపి ఒకటిగా వాడే మిషన్ల గుంపు) అంటే ఏంటి అనేవి ఇంతకంటే చెప్పను, అవి తెలియకుండా 30 లక్షల దాకా వచ్చుండరు కదా.

నేను గుంటూరుకీ విజయవాడకీ మధ్యలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సర్వర్లు చూసుకుంటా. పోయినేడాది మేమూ ఈ మూడింటి మధ్యే కొట్టుకుని ఒకటి తేల్చుకున్నాం, అందుకని నా మాటల్లో కొంచెం మొగ్గు కనపడుద్ది, ఆ మేరకి తగ్గించుకుని చదవండి.

ముందు సొంత సర్వర్. నాలుగు జీపీయూల మిషన్ ఫుల్ లోడ్ మీద తేలిగ్గా 2 కిలోవాట్లు లాగుద్ది. నెలంతా ఆగకుండా తిరిగితే 1440 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలు అనుకున్నా పదకొండున్నర వేలు, కాలేజీ బిల్లులో అదేం కనపడదు కూడా. తిప్పలు బిల్లుతో కాదు, ఆ 2 కిలోవాట్లూ గదిలోకి వేడిగా వచ్చేస్తాయి, దాంతో. ఒకటిన్నర టన్ను ఏసీ సుమారు 5 కిలోవాట్ల వేడి లాగుద్ది కాబట్టి కాగితం మీద సరిపోద్ది, కానీ మే నెలలో డాబా మీద అవుట్‌డోర్ యూనిట్ 45 డిగ్రీల్లో మాడుతుంటే ఆ ఏసీ ఏపాటి పనిచేస్తుందో గుంటూరు వాళ్ళకి నేను చెప్పాలా. రెండు ఏసీలు పెట్టి మార్చి మార్చి తిప్పాల్సిందే. ఇంకోటి, గ్రౌండ్ ఫ్లోర్‌లో మాత్రం పెట్టకండి, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ ఎలా మునిగిందో అందరం చూశాం.

మా మొదటి సర్వర్ హెచ్‌ఓడీ గదిలో ఉండేది. ఒక శనివారం సాయంత్రం అటెండర్ అలవాటు ప్రకారం ఏసీ కట్టేసి తాళం వేసుకుని వెళ్ళాడు, సోమవారం పొద్దున్నే చూస్తే మిషన్ వేడెక్కి తనంతట తనే ఆగిపోయి ఉంది, పీహెచ్‌డీ అమ్మాయిది తొమ్మిది రోజుల రన్ గంగలో కలిసింది, చెక్‌పాయింట్లు, అంటే మధ్యమధ్యలో ఎక్కడిదాకా వచ్చిందో సేవ్ చేసుకోవడం, పెట్టుకోలేదు పాపం. (అటెండర్ని అనడానికేం లేదు, కరెంటు ఆదా చేయమని సర్క్యులర్ ఇచ్చింది మేమే.)

సరే, అది ఏసీతో తీరే గొడవ. తీరనిది ఇంకోటుంది. ఆ సర్వర్ సెటప్ చేసిన కుర్రాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. రూట్ (మిషన్ మీద సర్వాధికారాలూ ఉండే అకౌంట్) పాస్‌వర్డ్ ఒక్కటి చీటీ మీద రాసిచ్చాడు, మిగతాదంతా అతని బుర్రలోనే ఉండిపోయింది. ఆ సర్వర్‌లో ఉన్నది సెంటాస్ 7 అనే లినక్స్, దానికి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి, అయినా మాలో ఒక్కరం ముట్టుకోలేదు, ముట్టుకుంటే డ్రైవర్ ఏమైపోద్దో అని భయం. పదిహేను మంది వాడే మిషన్‌కి క్యూ అనేదే లేదు, ఎవరు ముందు రన్ కొడితే వాళ్ళది, వాట్సాప్ గ్రూపులో "రెండో జీపీయూ నాది, ఎవరూ ముట్టుకోకండి ప్లీజ్" అని మెసేజ్‌లు. ఏడాది తిరిగేసరికి అది కాలేజీకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ వాళ్ళొస్తే తుడిచి చూపించే వస్తువైపోయింది.

అద్దె జీపీయూల దగ్గరికొద్దాం. ఒకప్పుడు ఈ మాటెత్తితే డాలర్ల లెక్క చూసి దండం పెట్టేవాళ్ళం. 2024 మార్చిలో కేంద్రం 10 వేల కోట్లు దాటిన ఇండియాఏఐ మిషన్‌కి ఓకే చెప్పాక, దాని కింద సబ్సిడీ పోను గంటకి 100 రూపాయల లోపే జీపీయూ దొరికే దారి పడింది. గంటకి 100 అనే వేసుకుందాం. ఒక జీపీయూ ఏడాదంతా ఆపకుండా అద్దెకుంటే 8 లక్షల 76 వేలు, అలా చూస్తే కొనడమే నయం అనిపిస్తుంది. కానీ మన కాలేజీల్లో జీపీయూ ఏడాదంతా తిరుగుద్దా అండి? పేపర్ డెడ్‌లైన్ ముందు రెండు నెలలు కొట్టుకు చస్తారు, సెమిస్టర్ పరీక్షలప్పుడు దాని మొహం చూసేవాడుండడు. వాడకం పది గంటల్లో మూడు గంటలే అయితే అదే జీపీయూకి ఏడాదికి రెండున్నర లక్షల చిల్లర అవుద్ది, ఏసీ గోల లేదు, యూపీఎస్ బ్యాటరీల గోల లేదు. లెక్క వరకే చూస్తే అద్దెదే గెలుపు, ఒప్పుకుంటా. కాకపోతే ఆపడం మర్చిపోకూడదు. సంక్రాంతికి అందరూ ఊళ్ళకెళ్ళి కోడిపందేల్లో ఉన్నారు, మావాడు పెట్టిన మిషన్ మాత్రం ఐదు రోజులు ఖాళీగా తిరుగుతూనే ఉంది, పండగ మామూలు అక్కడ సమర్పించుకున్నాం.

పరమ్ సంగతి వేరు. నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ 2015లో 4500 కోట్లతో మొదలైంది, సీడాక్, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపిస్తున్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ 838 టెరాఫ్లాప్స్, ఐఐఎస్‌సీలో పరమ్ ప్రవేగ 3.3 పెటాఫ్లాప్స్ (సెకనుకి లక్ష కోట్ల లెక్కలైతే ఒక టెరాఫ్లాప్, అలాంటివి వెయ్యి అయితే పెటాఫ్లాప్). మీ డిపార్ట్‌మెంట్‌లో సీఎఫ్‌డీ (గాలి, నీటి ప్రవాహాల లెక్కలు) వాళ్ళు, వాతావరణ మోడళ్ళ వాళ్ళు, మాలిక్యులర్ డైనమిక్స్ కెమిస్ట్రీ వాళ్ళు ఉంటే, అంటే ఒకే లెక్కని ఎంపీఐతో వందల ప్రాసెసర్ కోర్లకి పంచి నడిపే పని ఉంటే, ఇలాంటి మిషన్ ముందు మన 30 లక్షలు ఏ మూలకి? వాళ్ళని అటే పంపండి. అయితే అప్లికేషన్‌లో ఎన్ని కోర్ అవర్స్ (ఎన్ని కోర్లు, ఎన్ని గంటలు, వాటి గుణకారం) కావాలో రాయాలి, అక్కడే మనవాళ్ళు నీళ్ళు నములుతారు, ఎందుకంటే తమ కోడ్ 16 కోర్ల మీద ఎంత, 64 మీద ఎంత అనేది ఎప్పుడూ కొలిచి చూసుకోలేదు. ట్రైనింగ్ కోసం ఖరగ్‌పూర్, మద్రాస్, గోవా, పాలక్కాడ్ ఐఐటీల్లో నోడల్ సెంటర్లు పెట్టారు, మంచివే. కానీ లాగిన్ దొరికిన పిల్లలకి మిషన్ వాడటం వస్తుంది, నడపడం రాదు, రూట్ మనకెవరిస్తారు!

బ్రౌజర్‌లోనే ఫ్రీగా జీపీయూ ఇచ్చే కోలాబ్, కాగుల్ సైట్ల గురించి ఒక్క ముక్క. కాగుల్‌లో వారానికి 30 గంటల జీపీయూ ఫ్రీ. బీటెక్ మినీ ప్రాజెక్టుకి, అంటే మన జిల్లాలో ప్రతి బ్యాచ్‌లో నలుగురైనా చేసే మిర్చి ఆకు తెగుళ్ళ క్లాసిఫికేషన్‌కి, అది చాలు. ముందుకెళ్దాం.

నన్నడిగితే తేల్చేది రేటూ కాదు టెరాఫ్లాప్సూ కాదు, రాత్రి పదకొండింటికి జాబ్ ఆగిపోతే ఎవరికి ఫోన్ చేస్తారు అనేదే. క్లస్టర్ నడపడం వచ్చిన మనిషి 25 వేల జీతానికి మన కాలేజీకి రాడు, వచ్చినా ఏడాది ఉండడు. కాబట్టి మన దగ్గరే తయారుచేసుకోవాలి, దానికి చెడగొట్టినా పర్లేదు అనుకునే మిషన్ ఒకటి కావాలి, అది అద్దెకి దొరకదు, పరమ్‌లో అంతకన్నా దొరకదు.

మేం చేసింది ఇదీ. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది, ల్యాబుల్లో ఉన్న ఆరో తరం, ఏడో తరం ఐ5 డెస్క్‌టాప్‌లకి విండోస్ 11 అఫీషియల్‌గా ఎక్కదు, గుట్టలుగా పక్కన పడేశారు. అందులోంచి పన్నెండు తెచ్చి, ఒక గిగాబిట్ స్విచ్ పెట్టి, రాకీ లినక్స్, జాబులని క్యూలో పెట్టి మిషన్లకి పంచే స్లర్మ్ ఎక్కించాం. రెండూ ఫ్రీ. పరమ్‌లో జాబులు పంపేది కూడా స్లర్మ్‌తోనే, కాబట్టి ఇక్కడ రాసిన జాబ్ స్క్రిప్ట్ రెండు లైన్లు మార్చుకుని అక్కడ వాడేయొచ్చు. ప్రతి సెమిస్టర్ ఇద్దరు స్టూడెంట్ అడ్మిన్లు, నెలకి 4 వేలు స్టైపెండ్, అందులో ఒకరు కచ్చితంగా సెకండియర్ అయ్యుండాలి. ఇద్దరూ ఫైనలియర్ అయితే మళ్ళీ పాత కథే, ఒకేసారి ఎగిరిపోతారు.

స్పీడ్ అడక్కండి, ఆ పన్నెండూ కలిపినా ఒక కొత్త జీపీయూ కాలిగోటికి సరిపోవు. కానీ పిల్లలు నేర్చుకున్నది చూడండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఏడో నోడ్ (ఆ పన్నెండులో ఏడో పీసీ) డౌన్ అని చూపించేది. కేబుల్ మార్చారు, స్విచ్ పోర్ట్ మార్చారు, ఓఎస్ మళ్ళీ ఎక్కించారు, అయినా అంతే. మూడో రోజు సెకండియర్ అమ్మాయి పట్టుకుంది, ఆ పీసీలో కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంది, ఆన్ చేయగానే తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతోంది, మిషన్ల గుర్తింపు చూడటానికి స్లర్మ్ వాడే మంజ్ అనే ప్రోగ్రాం రెండు మిషన్ల గడియారాలు కలవకపోతే ఇదెవరో దొంగ అని లోపలికి రానివ్వదు, పైగా నోడ్లకి ఇంటర్నెట్ లేదు కాబట్టి వాటికి సరైన టైం చెప్పేవాళ్ళే లేరు. బ్యాటరీ మార్చి, హెడ్ నోడ్ (మిగతావాటిని నడిపే పీసీ) నుంచి క్రోనీ అనే గడియారాలు కలిపే ప్రోగ్రాంతో టైం ఇచ్చాక మళ్ళీ పడలేదు. ఇప్పుడు అసలు జీపీయూ సర్వర్ కీస్ ఆ అమ్మాయి దగ్గరే ఉన్నాయి, నాకంటే జాగ్రత్తగా చూసుకుంటోంది. ఆమె సీనియర్ సీడాక్‌లో హెచ్‌పీసీ (సూపర్‌కంప్యూటింగ్) సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ పీజీ డిప్లొమా కోసం సీ-క్యాట్ ఎంట్రన్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు.

కాబట్టి ఆ 30 లక్షలూ ఒకే పెద్ద సర్వర్ మీద పెట్టకండి అంటాను. రెండు జీపీయూలది ఒకటి కొనండి, మంచి యూపీఎస్, రెండు ఏసీలు వేయండి, మిగిలింది మూడేళ్ళ అద్దె గంటలకీ పిల్లల స్టైపెండ్‌కీ ఉంచండి. తంటా ఎక్కడొస్తుందంటే ఎక్విప్‌మెంట్ అంటే మేనేజ్‌మెంట్ సంతకం పెడుద్ది, మనిషికి నెలనెలా అంటే పెన్ను మూసేస్తుంది. మేం ప్లేస్‌మెంట్స్ ఆయన్ని పట్టుకున్నాం, లినక్స్ అడ్మిన్ పని నిజంగా చేసిన పిల్లల రెజ్యూమె ఎలా ఉంటదో చూపిస్తే ఆయనే వెళ్ళి ఒప్పించుకొచ్చాడు.

నరసరావుపేట ఆయన నిన్న మళ్ళీ చేశాడు, పాత సిస్టమ్స్ అన్నీ పోయిన నెలే స్క్రాప్‌కి ఇచ్చేశారంట. మా స్టోర్‌లో ఇంకో ఆరు ఉన్నాయి, ఆటో పంపిస్తే ఎక్కించేస్తా అన్నాను, సీమాస్ బ్యాటరీలు మాత్రం మీరే కొనుక్కోండి అని.