ఎక్కువ పిల్లలు పెట్టే పంది కావాలంటే ఏది మేలు: ఒక్క జన్యువు పరీక్షా, జీనోమ్ చిప్పా, ఈతల పుస్తకమా?

చైనాలో తైహు సరస్సు చుట్టుపక్కల పెరిగే మెయిషాన్ పంది ఈతకు 14–16 పిల్లలు పెడుతుంది. ముడతల ముఖం, వేలాడే చెవులు, నిదానంగా ఎదిగే ఒళ్లు, పైగా కొవ్వెక్కువ. మాంసానికి పెద్దగా పనికిరాదు గానీ ఆ పిల్లల లెక్క మాత్రం అందరికీ కావాలి.

అందుకే దాని జన్యువుల వెంట పడ్డారు. అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ బృందం 1996లో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్ జన్యువు సంగతి బయటపెట్టింది. మెయిషాన్ రక్తం కలిసిన మందల్లో, ఆ జన్యువు మేలు రూపం తల్లి నుంచీ తండ్రి నుంచీ అందిన ఆడపందులు, అసలు అందని వాటికంటే తొలి ఈతలో 2.3 పిల్లలు ఎక్కువ పెట్టాయి. అన్ని ఈతల సగటు తీస్తే తేడా 1.5. ఒకే జన్యువుకి ఇది చాలా పెద్ద అంకె.

లార్జ్ వైట్ అనే తెల్లజాతి పందుల మందలకు వచ్చేసరికి లాభం ఆ జన్యువు మేలు రూపం ఒక్కో ప్రతికి అర పిల్ల కూడా లేదు. కొన్ని మందల్లో అసలు కనిపించలేదు. ప్రోలాక్టిన్ అనే మరో హార్మోన్ రిసెప్టర్ లాంటి జన్యువులూ వరసగా వచ్చాయి, వాటి కథా ఇంతే. ఎన్ని అండాలు విడుదలయ్యాయి, ఎన్ని నిలిచాయి, గర్భసంచిలో ఎంత చోటుంది, ఇన్ని కలిస్తేనే పిల్లల సంఖ్య. అండాలు పెరిగినంత మాత్రాన పిల్లలు అదే లెక్కన పెరగరు.

చిప్ వేరే దారి పట్టింది. 2009లో వచ్చిన చిప్ ఒకేసారి 60 వేల దాకా మార్కర్లు, అంటే పందికీ పందికీ తేడా ఉండే డీఎన్‌ఏ గుర్తులు, చదివి, చిన్న చిన్న ప్రభావాలన్నీ కూడుతుంది. ఈనే పని లేని మగపందిని కూడా చిన్నప్పుడే అంచనా వేయొచ్చు. పెద్ద బ్రీడింగ్ కంపెనీలకు ఇదే మేలు, అనుమానం అక్కర్లేదు. కాకపోతే వేల ఆడపందుల ఈతల రికార్డు లేకపోతే చిప్ ఏమీ చెప్పలేదు.

అంటే ఈతలు రాసుకునే పుస్తకం ఎలాగూ తప్పదు. ఈత సైజులో వారసత్వం వాటా దాదాపు 10 శాతమే. మేత, ఎండ, దాటించిన సమయం, తల్లి వయసు మిగతాదంతా నడిపిస్తాయి. పైగా ఆడపంది తొలి ఈత ఈనే నాటికి దానికి ఏడాది నిండుతుంది. పుస్తకం దారి నెమ్మదే.

మన దగ్గర పదీ ఇరవై పందులు పెంచేవాళ్లు మాత్రం జన్యువు పరీక్షకు డబ్బు పెట్టొద్దని నా మాట. తిరుపతిలో లార్జ్ వైట్ యార్క్‌షైర్ 75 శాతం, నాటు 25 శాతంగా తయారుచేసిన సంకరజాతి ఉంది. అలాంటిది తెచ్చుకుని ఈతలు రాసుకుంటే చాలు. పుట్టినవెన్నో ఒక్కటే కాదు, ఐదో రోజుకి బతికున్నవెన్నో కూడా రాయాలి. డెన్మార్క్ వాళ్లు 2004లో ఎంపికకు తీసుకున్నది ఈ ఐదో రోజు లెక్కనే. 12 చన్నుల తల్లికి 16 పిల్లలు పుడితే నాలుగింటికి పాలెక్కడివి? ఆడపిల్లను అట్టిపెట్టుకునేటప్పుడు రెండు మూడు ఈతలు బాగా సాకిన తల్లిదే చూసుకోండి. కడుపు కింద చేయి పెట్టి కనీసం 14 చన్నులు లెక్కేయండి, లోపలికి ముడుచుకున్నవి వదిలేసి.