"నీళ్ళక్కర్లేదు, కొట్టి తుడిస్తే చాలు" అనే కారు స్ప్రేలతో జాగ్రత్త

పండగ దగ్గరపడితే మా వైపు హైవే పక్క ఊళ్ళలో కార్ డెకార్ షాపుల ముందు బల్ల వేసి రంగురంగుల స్ప్రే సీసాలు పేరుస్తారు. క్విక్ డీటెయిలర్ అంటారు వీటిని. "ఆయ్, ఇది కొట్టి తుడిచేస్తే నీళ్ళతో పనే లేదండి, షోరూం మెరుపు వచ్చేస్తుంది" అంటారు. కొనేముందు ఇది ఒకసారి చదవండి. అలాంటి సీసా ఒకటి నా నల్ల కారు బానెట్‌నీ ఎడమవైపు తలుపునీ పాడుచేసింది. పాలిష్ పట్టించినా గీతలన్నీ పోలేదు.

మాది గోదావరి డెల్టాలో రైసు మిల్లుల మధ్య ఊరు. రాత్రి బయట పెట్టిన బండి మీద తెల్లారేసరికి ఊక బూడిద సన్నగా పరుచుకుని ఉంటుంది. ఆ రోజు వైపర్ బ్లేడ్ల కోసం షాపు దగ్గర ఆగితే, షాపాయన సీసా పట్టుకుని వచ్చేశాడు. "వద్దండీ, బండి మీద బూడిదుంది" అనేలోపే బానెట్ మీద నాలుగుసార్లు కొట్టి, భుజం మీది పసుపు గుడ్డ తీసి గుండ్రంగా రుద్దేశాడు. తర్వాత తలుపు, ఆ తర్వాత ముందు అద్దం. ఎండలో నిగనిగలాడిన మాట నిజమే. 500 మిల్లీలీటర్ల సీసా 650 రూపాయలన్నాడు. జీఎస్టీ బిల్లు అడిగితే నోట్‌బుక్కు కాగితం చింపి అంకె వేసిచ్చాడు.

సాయంత్రం పెట్రోలు బంకులో ఎల్‌ఈడీ దీపాల కింద ఆగినప్పుడు అసలు సంగతి బయటపడింది. బానెట్ నిండా గుండ్రటి సన్నగీతలు. ఆయన చెయ్యి ఎలా తిరిగిందో అలాగే ఉన్నాయి. తెల్లకారైతే ఇంతగా కనపడేవి కావేమో. నలుపు, ముదురు నీలం, మెరూన్ రంగులు ఏదీ దాచవు.

గీతలు చూడ్డానికి బాగోవు, అంతే. అద్దం సంగతి అలా కాదు, అది ప్రమాదం. మర్నాడు తెల్లవారుజామున మంచులో ఏటిగట్టు రోడ్డు మీద వెళ్తూ వైపర్ వేస్తే అద్దమంతా జిడ్డు పులుముకుపోయింది. ఎదురుగా ట్రాక్టరు లైటు పడగానే ముందున్న రోడ్డే కనపడలేదు. ఒకపక్క కాలవ, ఇంకోపక్క పల్లపు చేలు. అలాంటి చోట ఒక్క క్షణం చూపు ఆగినా ఏం జరుగుతుందో ఆ రోడ్ల మీద బండి నడిపేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ జిడ్డు మామూలు వైపర్ నీళ్ళకి వదల్లేదు. గిన్నెలు తోమే లిక్విడ్‌తో అద్దం కడిగి, రబ్బరు బ్లేడ్లు కూడా విడిగా తుడిస్తే గానీ పోలేదు.

ఇంటికొచ్చి సీసా పరీక్షగా చూశాను. ముందువైపు సెరామిక్, 9హెచ్, నానో, యూవీ అంటూ పెద్ద అక్షరాలు. వెనకవైపు తయారుచేసినవాళ్ళ చిరునామా లేదు, తయారైన నెల లేదు, ఎమ్మార్పీ లేదు. నీటితో తయారైనదని రాసుంది, మూత తీస్తే కిరసనాయిలు కంపు. కొన్ని మంచి వ్యాక్సుల్లో కూడా పెట్రోలియం ద్రావకాలు ఉంటాయి కాబట్టి వాసన ఒక్కటే చూసి దొంగ సరుకని తేల్చలేం. కానీ లేబుల్ మీద ఒకటి, లోపల ఇంకొకటి ఉంటే ఆ సీసా నమ్మదగ్గది కాదు. పాలిష్ పట్టిన పెయింటర్ వేలితో రాసి చూసి, డాష్‌బోర్డు మెరుపుకి వాడే సిలికాన్ నూనెని పల్చన చేసి నింపినట్టుందన్నాడు. ఆయన చెప్పిన ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. ఈ సిలికాన్ పూర్తిగా పోకుండా ఆ భాగానికి మళ్ళీ రంగు కొడితే, రంగు సమంగా పరుచుకోక చిన్నచిన్న గుంటలు పడతాయి. పెయింటర్లు వాటిని ఫిష్ ఐ అంటారు. అందుకే డెంటింగ్‌కి ఇచ్చేముందు బండికి ఏం రాశారో చెప్పాలి. చెప్పకపోతే షెడ్డువాళ్ళకి రెట్టింపు పని, మనకి రెట్టింపు ఖర్చు.

ఇంతకీ ఈ క్విక్ డీటెయిలర్ ఎందుకు తయారైందో షాపుల్లో చెప్పరు. అది బండి కడిగే మందు కాదు. అందులో ఎక్కువ భాగం నీళ్ళే. గుడ్డ జారడానికి కొద్దిగా లూబ్రికెంటు, మెరుపుకి కొంచెం పాలిమరో సిలికానో వ్యాక్సో ఉంటాయి. ఈమధ్యే కడిగిన బండి మీద పడిన పల్చటి దుమ్ము, వేలిముద్రలు, ఎండిపోయిన నీటిచుక్కలు, అప్పుడే పడిన కొంగ రెట్ట, ఇలాంటివాటికే అది. కడిగాక తడి తుడిచేటప్పుడూ వాడొచ్చు, క్లే బార్ (రంగుకి అంటుకున్న మురికిని లాగే మెత్తటి మట్టిముద్ద లాంటిది) రుద్దేటప్పుడు జారుడుకీ పనికొస్తుంది. దాని మెరుపు కొన్ని రోజులుంటుంది, గట్టిగా కడిగితే పోతుంది. ఆరు నెలలు ఉంటుందని ఎవరైనా అంటే ఆ సీసా అక్కడే పెట్టేయండి. వాటర్‌లెస్ వాష్ పేరుతో వేరే రకం ఉంది, అందులో లూబ్రికెంటు ఎక్కువ. దానితో కూడా బురద తుడవకూడదు.

డెల్టాలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మన దుమ్ము ఉత్త దుమ్ము కాదు. ఊక బూడిదలో 80 శాతం పైనే సిలికా ఉంటుంది. ఇసుకలో ఉండేదీ అదే. ఇసుక ర్యాంపుల నుంచి వచ్చే లారీల వెనక వెళ్ళినా, ధాన్యం ఆరబోసిన రోడ్డు మీంచి వెళ్ళినా, దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు మిషన్ల పక్కనుంచి వెళ్ళినా బండి మీద పడేది గీతలు పెట్టే సరుకే. దాని మీద నాలుగు చుక్కలు కొట్టి రుద్దితే గుడ్డ కాస్తా తడిపిన గరుకు కాగితం అయిపోతుంది. రంగు పైన ఉండే క్లియర్ కోట్ మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే తక్కువ. పాలిష్ పట్టిన ప్రతిసారీ అందులోంచే కొంత అరుగుతుంది. కాబట్టి "గీతలు పడితే పాలిష్ కొట్టిద్దాంలే" అనుకోవడానికి కొన్నిసార్లే అవకాశం.

సార్వాలో, అంటే వానాకాలం పంటప్పుడు, ట్రాక్టర్లు రోడ్డెక్కించిన ఒండ్రు సంగతి సరేసరి. అది ఎండాక తలుపుల కింద గట్టిగా పట్టుకుని ఉంటుంది. ముందు నీళ్ళు గట్టిగా కొట్టి వదలగొట్టాలి, షాంపూ ఆ తర్వాత, స్ప్రే చిట్టచివర. కాలవలోకి బండి దింపి కడిగేవాళ్ళు మా వైపు ఇంకా ఉన్నారు. వరదలప్పుడు వచ్చే ఎర్రనీళ్ళలో ఒండ్రే ఉంటుంది, ఆ నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచినా జరిగేది ఇదే. అంతర్వేది, ఉప్పాడ వైపు సముద్రపు గాలిలో తిరిగొచ్చినా ముందు మంచినీళ్ళతో ఉప్పు కడిగేయాలి. భీమవరం చుట్టుపక్కల చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగి ఎండలో వదిలేస్తే తెల్లమచ్చలు కడతాయి. తడి ఆరకముందే కొంచెం డీటెయిలర్ కొట్టి తుడిస్తే అవి పడవు. పాతబడి రంగులోకి దిగిన మచ్చలు మాత్రం ఏ స్ప్రేకీ పోవు, పోతాయని చెప్పి అమ్మేవాళ్ళున్నారు.

వాళ్ళ డెమోల గురించి కూడా చెప్పాలి. స్ప్రే కొట్టి నీళ్ళు పోస్తారు, ముత్యాల్లా జారిపోతుంటే "చూశారా" అంటారు. జిడ్డుగా ఉండేది ఏది రాసినా నీళ్ళు అలాగే జారతాయి, రంగుకి రక్షణ ఉందనడానికి అది రుజువు కాదు. ఇంకొందరు బానెట్ మీద స్పిరిట్ పోసి అంటించి, మంట ఆరాక మచ్చ లేదని చూపిస్తారు. అక్కడ మండేది పైనున్న ఆవిరి, కింద రేకు వేడిని లాగేసుకుంటుంది. ఒకటి రెండు క్షణాల మంటకి ఏమీ రాయని బానెట్‌కి కూడా ఏమీ కాదు. మీ బండి మీద మాత్రం చెయ్యనివ్వకండి. గీత పోయిందని చూపిస్తే, జిడ్డు ఆ గీతని తాత్కాలికంగా నింపిందని అర్థం. షాంపూతో కడిగితే మళ్ళీ తేలుతుంది. 9హెచ్ అనేది పెన్సిళ్ళతో గీసి గట్టిదనం చూసే పరీక్షలో కొలత. కొట్టి తుడిచేసే స్ప్రే సీసా మీద ఆ అంకెకి పెద్ద అర్థం లేదు.

కొనేటప్పుడు నేనిప్పుడు ముందు సీసా వెనకవైపే చూస్తున్నాను. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, ఎంత పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదుకి ఫోను నంబరు ప్యాకెట్ మీద ఉండాలి. బయటి సరుకైతే ఏ దేశానిదో, ఎవరు దిగుమతి చేసుకున్నారో కూడా రాయాలి. ఇవి లేకపోతే సీసా ఎంత అందంగా ఉన్నా వద్దు. పేరున్న కంపెనీ సీసా అయినా మూత సీలు ఊడి ఉందా, లేబుల్ వంకరగా అతికించారా చూడండి. ఖాళీ సీసాలో ఏదైనా నింపొచ్చు. ఎక్కడ వాడకూడదో స్పష్టంగా రాసిన సీసా కనపడితే నాకు కొంచెం నమ్మకం కలుగుతుంది. అన్నిటికీ పనికొస్తుందని రాసినదంటే భయం.

కొన్నాక బండి మీద కాకుండా ముందు ఇంట్లో అద్దం ముక్క మీద కొట్టి చూడండి. శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఆరాక దీపానికి ఎదురుగా పెట్టండి. మంచి డీటెయిలర్ పెద్దగా తెర మిగల్చదు. వేలికి జిడ్డు అంటుకుంటే, రంగురంగుల మెరుపు కనపడితే అది బండికి వద్దు. అది పాసైతే తలుపు తెరిచాక లోపలి అంచున, ఎవరికీ కనపడని చోట రాసి ఒక రాత్రి ఆగండి. సీసా కదపకుండా ఉంచితే పైన నూనె పొర తేలుతోందా అన్నది కూడా చూడొచ్చు. కొన్ని మంచి సరుకులు కూడా విడిపోతాయి, కానీ వాటి మీద బాగా కుదిపి వాడమని రాసుంటుంది.

వాడకం పెద్ద విద్యేమీ కాదు. బానెట్ మీద అరచెయ్యి పెడితే చల్లగా తగలాలి, బండి నీడలో ఉండాలి. వేసవి మధ్యాహ్నం నల్ల బానెట్ మీద కొడితే తుడిచేలోపే ఆరిపోయి మచ్చ కడుతుంది. ఉక్కపోత రోజుల్లో దీనికి రివర్సు, త్వరగా ఆరక చారలు మిగులుతాయి, అప్పుడు ఇంకా తక్కువ కొట్టాలి. ఒక్కో భాగానికి రెండు మూడు స్ప్రేలు, నాలుగు మడతలు పెట్టిన మెత్తటి మైక్రోఫైబర్, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని గుడ్డ మందం చెప్పే కొలత) పైన ఉంటే మంచిది. బరువు పెట్టకుండా ఒకే దిశలో తుడవాలి, మురికైన మడత తిప్పేయాలి, చివర్లో పొడిగుడ్డతో ఒకసారి. పసుపు గుడ్డ, పాత బనీను, బంకుల్లో ఇచ్చే నూలు వేస్టు బండి రంగుకి తగలకూడదు. గుడ్డ కింద పడితే ఉతికేదాకా దాన్ని మళ్ళీ వాడొద్దు. మైక్రోఫైబర్‌ని కంఫర్ట్ లాంటివి వేసి ఉతక్కండి, దాని పీల్చే గుణం పోతుంది.

రెట్ట పడితే స్ప్రే కొట్టి కొంచెంసేపు నాననిచ్చి, తడి టిష్యూతో పైకెత్తి తీయాలి. రుద్దకూడదు. వెంటనే తీయకపోతే అందులోని ఆమ్లం ఎండకి క్లియర్ కోట్‌ని తినేస్తుంది. టైర్ల అంచు, బ్రేకు డిస్కులు, స్టీరింగ్, పెడళ్ళ జోలికి ఈ స్ప్రే వెళ్ళకూడదు. బుల్లెట్ బళ్ళున్న కుర్రాళ్ళు సీటుకి కూడా కొడుతున్నారు. బ్రేకు వేసినప్పుడు వెనక కూర్చున్నవాళ్ళు ముందుకి జారతారు, దయచేసి వద్దు. మ్యాట్ రంగు బండికి మెరుపు స్ప్రే వద్దు. కొత్తగా రంగు వేయించినవాళ్ళు ఎన్నాళ్ళు ఆగాలో పెయింటర్‌ని అడిగి ఆ తర్వాతే వాడండి.

షాపాయన దగ్గరికి మళ్ళీ వెళ్తే "మీ పాలిష్‌వాడు చేసిన పనేమో" అన్నాడు. గీతలు ఆయన గుడ్డ తిరిగిన తీరులోనే ఉన్నాయని, పాలిష్‌కి ముందు తీసిన ఫొటోలు చూపించాక మాట మార్చి సగం డబ్బు ఇస్తానన్నాడు. తీసుకోలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. లేబుల్ మీద వివరాలు లేవన్న సంగతి తూనికలు కొలతల శాఖ చూడాల్సిన విషయం, అక్కడికీ కాగితం రాశాను. మీకూ ఇలాంటిది జరిగితే సీసా పారెయ్యకండి. మిగిలిన మందుతో సహా ఉంచండి, లేబుల్‌ని రెండువైపులా ఫొటో తీయండి, గీతల్ని రాత్రిపూట దీపం వెలుగులో తీయండి, పగటి ఫొటోలో అవి కనపడవు. డబ్బు ఫోన్‌పే ద్వారానే ఇవ్వండి. షాపువాళ్ళు బిల్లు ఇవ్వకపోయినా ఎవరికి ఎంత ఎప్పుడిచ్చారో అందులో ఉంటుంది.