గచ్చిబౌలిలో ఏడాదా, అమెరికాలో రెండేళ్లా?

ఎనిమిదేళ్లు ఐటీలో పనిచేసి మళ్లీ చదవాలనుకునే మాదాపూర్ ఉద్యోగులు ఎక్కువగా తూకం వేసేది ఈ రెండింటినే: గచ్చిబౌలిలోని ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్), అమెరికా ఎంబీఏ. జీమ్యాట్ అనే ప్రవేశ పరీక్ష రెండింటికీ పనికొస్తుంది. స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది కాబట్టి పరీక్ష ముందే రాసిపెట్టుకోవచ్చు.

2001లో మొదలైన ఐఎస్‌బీలో పీజీపీ, అంటే అక్కడి ఎంబీఏ లాంటి చదువు, ఏడాది కోర్సు. జీతం ఆగేది ఆ ఏడాదే. నాన్నకు ఒంట్లో బాగోలేదంటే ఆ రాత్రికే ఇంటికి వెళ్లొచ్చు. ఇంటి లోన్ నడుస్తూ, ఉన్న రంగంలోనే పైకి వెళ్లాలనుకునేవాళ్లకు నేనైతే ఇదే చెబుతాను.

రంగమే మారాలంటే మాత్రం అమెరికా వైపు చూడండి. ఖర్చు డాలర్లలో, నిజమే. కానీ రెండేళ్ల కోర్సులో మధ్య వేసవి ఇంటర్న్‌షిప్‌కే. టెస్టింగ్ చేసిన మనిషి ఫైనాన్స్‌లోకి వెళ్లాలంటే, కంపెనీ అతని పని చూసేది ఆ కొన్ని వారాల్లోనే. ఏడాది కోర్సులో అంత తీరిక దొరకదు.

ఇక వీసా. చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు; స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) గుర్తింపున్న కోర్సైతే మరో 24 నెలలు. అన్ని ఎంబీఏలకూ ఆ గుర్తింపు ఉండదు, సీటు ఒప్పుకునే ముందే అడగాలి. ఆ తర్వాత ఉద్యోగ వీసా అయిన హెచ్-1బీ కోసం లాటరీ టెన్షన్ ఎలాగూ ఉంది. పెళ్లయినవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: విద్యార్థి కుటుంబానికిచ్చే ఎఫ్-2 వీసా మీద వెంట వెళ్లే భార్యకైనా భర్తకైనా అక్కడ ఉద్యోగం చేసే వీల్లేదు. అంటే ఇంట్లో రెండు జీతాలూ ఒకేసారి ఆగుతాయి. బ్యాంకులో లోన్ అడిగే ముందే ఇద్దరూ కూర్చుని ఈ లెక్క వేసుకోండి.