పాత బిళ్లా, కొత్త బిళ్లా? ఫిట్స్ మందుల్లో ఎవరికి ఏది మేలు

"ఆస్పత్రిలో ఊరకే ఇచ్చిన బిళ్లే ఏసుకోమంటారేటి బాబూ, టౌన్లో పెద్ద డాక్టరు రాసిన కొత్తది కొనమంటారేటి?" విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనైనా మందుల షాపు కౌంటరు వెనక నిలబడేవాళ్లు ఈ మాట వింటూనే ఉంటారు. మందు రాయడం డాక్టరు పని, నాది ఇవ్వడం వరకే. అయినా ఈ బిళ్లలకూ ఆ బిళ్లలకూ తేడా ఏమిటో చెప్పడానికి అడ్డేం లేదు.

కొత్తదైతే పవర్ ఎక్కువ అనుకుంటారు చాలామంది. ఫినోబార్బిటాల్, అంటే మనవాళ్ల గార్డినాల్, 1912 నుంచి ఫిట్స్‌కి వాడుతున్నారు. ఫినైటాయిన్, అంటే ఎప్టాయిన్, 1938లో వచ్చింది. లెవిపిల్ లాంటి పేర్లతో అమ్మే లెవెటిరాసిటామ్‌కి అమెరికాలో అనుమతి దొరికింది 1999లో. ఇన్నేళ్ల తేడా ఉన్నా, ఫిట్స్‌ని ఆపడంలో కొత్త మందులు పాతవాటిని దాటి పెద్దగా ముందుకు పోలేదు. మొదట రాసిన మందుతోనే ఇంచుమించు సగం మందికి ఫిట్స్ ఆగుతాయి. సరైన మందు సరిగ్గా వాడితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2021లో బ్రిటన్‌లో వెలువడిన సానడ్-2 అనే పెద్ద పరిశీలనలో, ఒళ్లంతా ఒకేసారి పట్టే రకం ఫిట్స్‌కి లెవెటిరాసిటామ్ కన్నా పాత వాల్‌ప్రోయేటే బాగా పనిచేసింది. ఒకవైపు మొదలయ్యే రకానికి దానికన్నా లామోట్రిజిన్ అనే ఇంకో కొత్త మందు మెరుగని తేలింది. కొత్తవాటి గొప్పతనం ఇంకోచోట ఉంది. ఒంటికి ఇబ్బందులు కొంచెం తక్కువ, వేరే మందులతో తగవులు తక్కువ.

అందుకే ముందు చూడాల్సింది ఫిట్స్ రకం. మూతో, చెయ్యో ఒకవైపు లాగి మొదలయ్యేవాటికి టెగ్రెటాల్ అనే కార్బమజెపైన్ మంచి మందు. పొద్దున్న లేచిన వెంటనే చేతులు ఝల్లుమని అదిరి టీ గ్లాసు జారిపోయే కుర్రాళ్లుంటారు. వాళ్లకు ఇదే కార్బమజెపైన్, ఒక్కోసారి ఫినైటాయిన్ కూడా, అదుర్లను పెంచుతాయి. ఆ అదుర్ల సంగతి ఇంట్లోవాళ్లు డాక్టరుకు చెప్పరు, అది ఫిట్సే కాదనుకుంటారు. ఫోన్లో వీడియో తీసి చూపిస్తే ఎన్ని స్కానింగులకో సాటి.

ఇక పాతవాటిని పక్కపక్కన పెడదాం. ఫినోబార్బిటాల్ చవక, రోజుకు ఒక్కసారి వేసుకుంటే చాలు. మత్తుగా ఉంటుంది, చదువుకునే పిల్లల బుర్రను నెమ్మది చేస్తుంది. బడికెళ్లే పిల్లాడికి ఇదే మొదటి మందుగా రాస్తే ఎందుకని అడగడంలో తప్పులేదు. పుట్టిన బిడ్డకు ఫిట్స్ వస్తే మాత్రం ఇప్పటికీ డాక్టర్లు ముందుగా తీసేది దీన్నే.

ఫినైటాయిన్ సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో ఎక్కువమంది వాడేది అదే. దీనికో పేచీ ఉంది. ఈ మందును లివర్ ఒక హద్దు వరకే కరిగించగలదు. ఆ హద్దుకు చేరాక డోసు కాస్త పెంచినా, నిండు బిందెలో చెంబుడు నీళ్లు పోసినట్టు పొర్లుతుంది. రోజుకు 300 మి.గ్రా.తో బాగున్న మనిషి 400కి వెళ్లగానే తూలుతూ నడవచ్చు, ఒకటి రెండుగా కనబడొచ్చు. పగటిపూట తూలుతుంటే ఊళ్లో తాగాడంటారు, పాపం. అది మందు ఎక్కువైందని గుర్తు, రక్తపరీక్షతో తెలిసిపోతుంది. చిగుళ్లు వాయడం ఇంకో బాధ, పళ్లు శుభ్రంగా తోముకుంటే కొంత తగ్గుతుంది. ఇన్ని చెప్పినా, డబ్బులేక కొత్త మందు నెలకు పది రోజులే వేసుకునేవాడి కన్నా, ఆస్పత్రి ఎప్టాయిన్ నెలంతా వేసుకునేవాడు చాలా సురక్షితం. ఇందులో నాకు రెండో మాట లేదు. పైగా 2022 నాటి జాతీయ అత్యవసర మందుల జాబితాలో లెవెటిరాసిటామ్ కూడా ఉంది కాబట్టి, అది ఉందా అని ఆస్పత్రి ఫార్మసీలో అడిగి చూడండి.

కార్బమజెపైన్ మొదలుపెట్టిన తొలి రెండు నెలలు ఒంటిమీద దద్దుర్లు, నోట్లో పుళ్లు, జ్వరం వస్తే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. లామోట్రిజిన్‌కీ ఇదే జాగ్రత్త. అందుకే దాన్ని వారాల తరబడి కొంచెం కొంచెంగా పెంచుతారు. లెవెటిరాసిటామ్‌తో చిరాకు, కోపం, దిగులు. "ఈమధ్య మావాడికి కోపం ఎక్కువైపోనాది" అని తల్లి అంటే, మందు ఎప్పుడు మొదలైందో నేను ముందు అడుగుతాను.

ఆడపిల్లల విషయంలో మాత్రం ఏది మేలో తేల్చి చెప్పొచ్చు. ఎన్‌కోరేట్, వాల్పారిన్ పేర్లతో దొరికే వాల్‌ప్రోయేట్ గర్భంలో బిడ్డకు పడదు. గర్భంతో ఉండగా వాడితే పుట్టే పదిమందిలో ఒకరికి వెన్నులోనో గుండెలోనో లోపం ఉండొచ్చు, పదికి ముగ్గురు నలుగురికి మాటలో, తెలివిలో వెనకబాటు రావచ్చు. అందుకని పెళ్లీడు పిల్లకు లెవెటిరాసిటామ్ గానీ లామోట్రిజిన్ గానీ మేలు. ఇది చదివి వాల్‌ప్రోయేట్‌ను రేపటినుంచి ఆపేస్తే అంతకన్నా ప్రమాదం. పెళ్లి కుదరగానే, గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడి నెమ్మదిగా మార్చుకోవాలి, ఫోలిక్ యాసిడ్ ముందునుంచే మొదలుపెట్టాలి. గర్భంలో లెవెటిరాసిటామ్, లామోట్రిజిన్ రక్తంలో పలచబడతాయి, డోసు పెంచాల్సి రావచ్చు. పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే ఇంకో చిక్కు. ఫినైటాయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్ వాడే ఆమెకు ఏఎన్ఎం ఇచ్చే గర్భనిరోధక బిళ్ల మాలా-ఎన్ సరిగ్గా పనిచెయ్యదు. వాళ్లకు కాపర్-టీ నయం.

అసలు గొడవ బిళ్లల్లో లేదు, దాచడంలో ఉంది. అత్తింటికి వెళ్లిన కొత్తలో బిళ్లలు కనబడతాయని మానేసే అమ్మాయిలు ఎందరో. మూర్ఛను సాకుగా చూపి పెళ్లి చెల్లదనే వీలును హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. ముందే చెప్పి చేసుకున్న పెళ్లిలో బిళ్ల అందరి ముందూ వేసుకోవచ్చు.

ఉద్దానం వైపు వెళ్తే లెక్క మారుతుంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా పట్టిందో అందరికీ తెలుసు. లెవెటిరాసిటామ్ సుమారు మూడింట రెండు వంతులు ఎలా వేసుకున్నది అలాగే మూత్రంలోంచి పోతుంది. కిడ్నీ మందగిస్తే మందు ఒంట్లో పేరుకుంటుంది, డోసు తగ్గించాలి. డయాలసిస్ చేసేటప్పుడేమో నాలుగు గంటల్లో దాదాపు సగం కొట్టుకుపోతుంది, అయ్యాక అదనంగా కొంత ఇవ్వాలి. వాల్‌ప్రోయేట్, ఫినైటాయిన్ లివర్ దారిన పోతాయి. కానీ కిడ్నీ రోగుల్లో ఫినైటాయిన్ రక్తపరీక్ష తక్కువ చూపిస్తూనే లోపల పనిచేసే భాగం ఎక్కువగా ఉంటుంది. ఆ కాగితం చూసి డోసు పెంచితే మనిషి పడిపోతాడు. ఇక్కడ కొత్తదా పాతదా అన్న మాటే చెల్లదు. ఫిట్స్ డాక్టరుకు క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు, కిడ్నీ డాక్టరుకు ఫిట్స్ చీటీ చూపించడమే అసలు పని.

కంపెనీ మారితే ఏమవుతుందని ఇంకో ప్రశ్న. జన ఔషధి షాపులో చవకగా వస్తుంది కదా అని. ఫినైటాయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్ ఒకే కంపెనీవి పట్టుకుని ఉండటం మేలు. అది జనరిక్ కంపెనీ అయినా పర్వాలేదు, నెలనెలా మార్చకపోతే చాలు. లెవెటిరాసిటామ్‌లో కంపెనీ మారినా అంత టెన్షన్ అక్కర్లేదు. బిళ్ల రంగు మారినప్పుడు మాత్రం స్ట్రిప్పు వెనక మందు పేరు, మిల్లీగ్రాములు చదివించుకోండి.

రోజుకు ఒకసారా, రెండుసార్లా? లెవెటిరాసిటామ్ మామూలు బిళ్ల వేసుకుంటే రక్తంలో మందు ఆరు నుంచి ఎనిమిది గంటల్లో సగానికి తగ్గుతుంది, అందుకే ఉదయం, రాత్రి. మరిచిపోతే దాని లోటు తొందరగా తెలుస్తుంది. గుర్తురాగానే వేసుకోవాలి, తర్వాతి డోసు వేళ దగ్గరపడితే వదిలెయ్యాలి, రెండూ కలిపి మింగకూడదు. ఫినైటాయిన్ చాలామంది రాత్రి ఒక్కసారే వేసుకుంటారు. నెమ్మదిగా మందు వదిలే వాల్‌ప్రోయేట్ క్రోనో బిళ్ల ఒకట్రెండుసార్లతో సరిపోతుంది, దాన్ని నూరకూడదు. వాల్‌ప్రోయేట్, కార్బమజెపైన్ రెండూ తేమకు పాడవుతాయి. సముద్రపు గాలి ఊళ్లలో స్ట్రిప్పులోంచి తీసి డబ్బాలో పోసుకోవద్దు.

మందు మేలైనదే అయినా దాన్ని వెనక్కి లాగేవి కొన్నున్నాయి. శివరాత్రి జాగారం, పైడితల్లమ్మ తొలేళ్ల రాత్రి నిద్రలేకపోవడం, కల్లు. జ్వరమని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే ఫిట్స్ మందు వాడుతున్నట్టు ముందే చెప్పాలి, సిప్రోఫ్లాక్సాసిన్, ట్రమడాల్ లాంటివి ఫిట్స్‌ను లేపగలవు. టీబీ మందులు ఫినైటాయిన్, కార్బమజెపైన్ మోతాదులను ఇటో అటో గుంజుతాయి. లెవెటిరాసిటామ్‌తో ఆ తగవు చాలా తక్కువ. ఫిట్ వచ్చిన మనిషి చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యాలి. డాక్టరు ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే రాసి ఉంటే అప్పుడు వాడతారు.

ఫిట్స్ ఆగి ఆరు నెలలైంది, మానెయ్యాలా, కొనసాగించాలా? కొనసాగించడమే. కనీసం రెండేళ్లు ఒక్క ఫిట్టూ లేకపోతేనే డాక్టరు ఆ మాట ఎత్తుతారు, అప్పుడు కూడా నెలల తరబడి కొంచెం కొంచెంగా దించుతారు.

హైదరాబాద్ బిల్డింగు పనికో, గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల బోటు మీదికో వెళ్లేవాళ్లకు ఏ బిళ్ల అన్నదాని కన్నా ఎన్ని బిళ్లలు అన్నది ముఖ్యం. ఫిట్స్ పూర్తిగా అదుపులోకి రానివాళ్లు బోటెక్కడమే మంచిది కాదు. తక్కినవాళ్లు వెళ్లేన్నాళ్లకు సరిపడా బిళ్లలు, పైన ఇంకో రెండు వారాలకు తీసుకెళ్లండి. సగం బ్యాగులో, సగం జేబుసంచిలో. చీటీలో బ్రాండు పేరు ఒక్కటే ఉంటే, పక్కన మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో, ఏ కంపెనీదో మాచేత రాయించుకుని ఫోన్లో ఫొటో తీసిపెట్టుకోండి. అక్కడి షాపువాళ్లకు తెలుగు రాకపోయినా ఆ ఫొటో చూస్తే మందు తీసిస్తారు.